విండ్‌సర్ఫింగ్‌కి ఏ సైజు సెయిల్స్ కొనాలి? బే ఏరియాలో తరచుగా అడిగే ప్రశ్నలు

బర్క్‌లీలోనో అలమీడాలోనో క్లాసులు పూర్తిచేసి, హార్నెస్ (సెయిల్ లాగే బలాన్ని నడుముతో మోసే పట్టా) వేసుకోవడం వచ్చి, ఇక సొంత సామాను కొనుక్కుందాం అనుకునేవాళ్ల కోసం ఇది. ఉదాహరణలు చాలావరకు 75 కిలోల మనిషికి, శాన్ ఫ్రాన్సిస్కో బే ఎండాకాలపు గాలికి లెక్కగట్టినవి. మీ బరువు వేరైతే ఎలా మార్చుకోవాలో కింద ఉంది. సెయిల్ (తెరచాప) సైజు అంటే చదరపు మీటర్లు, "5.5" అంటే 5.5 చదరపు మీటర్ల సెయిల్. గాలి వేగం నాట్స్‌లో చెప్పాం. 1 నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు, లేదా 1.15 మైళ్లు.

అసలు ఎన్ని సెయిల్స్ కావాలి?

మూడు. 75 కిలోల మనిషికి బే ఏరియాలో 4.7, 5.5, 6.5 ఉంటే ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా దాదాపు ప్రతి మంచి రోజూ నీళ్లలోకి దిగొచ్చు. గాలి గట్టిగా ఉండే షెర్మన్ ఐలండ్‌కి తరచుగా వెళ్తుంటే నాలుగోది 4.0. అంతకు మించి కొన్నవి ఎక్కువగా గ్యారేజీలోనే ఉంటాయి. 5.0, 5.3, 5.5 మూడూ కొని, ఒడ్డున నిలబడి అరగంట ఏది కట్టాలో తేల్చుకోలేక సతమతమయ్యేవాళ్లు ప్రతి చోటా కనిపిస్తారు. తేలేలోపు గాలి మారిపోతుంది.

మూడూ ఒకేసారి కొనొద్దు. ముందు మధ్యది కొనండి. దానితో నెలరోజులు తిరిగితే, పెద్దది లేక ఒడ్డున కూర్చున్న రోజులు ఎక్కువా, చిన్నది లేక చేతులు పీకేసిన రోజులు ఎక్కువా అన్నది మీకే తెలుస్తుంది. రెండోది దాన్నిబట్టి కొనండి.

మధ్య సెయిల్ ఏదో ఎలా తెలుస్తుంది?

"ఎక్కడికైనా వెళ్తాను" అనుకుని కొంటే ఎక్కడికీ సరిపోనిది వస్తుంది. నిజంగా వారం వారం వెళ్లే చోటు ఒకటి ఉంటుంది: ఇంటి నుంచి దగ్గరదో, ఆఫీసు నుంచి దారిలో పడేదో. ఆ చోట మీరు వెళ్లగలిగే వేళకి మామూలుగా ఎంత గాలి ఉంటుందో చూడండి. సాయంత్రం 5 తర్వాతే వీలయ్యేవాళ్లకి మధ్యాహ్నం 2 గంటల గాలితో పనిలేదు. ఆ గాలికి మీ బరువుతో లెక్క కట్టగా వచ్చేదే మీ మధ్య సెయిల్.

బరువుకీ గాలికీ లెక్క ఏమిటి?

విండ్‌సర్ఫర్లు ఎన్నాళ్లుగానో వాడుతున్న సూత్రం ఒకటుంది: బరువు కిలోల్లో వేసి 1.34తో హెచ్చవేసి, గాలి వేగంతో భాగించండి. 75 కిలోలు, 18 నాట్స్ అనుకుందాం. 75 × 1.34 = 100.5, దాన్ని 18తో భాగిస్తే 5.6. అంటే 5.5 సెయిల్.

15, 20, 25 నాట్స్‌కి వరసగా వచ్చేవి ఇవి:

55 కిలోలు: 4.9, 3.7, 2.9
65 కిలోలు: 5.8, 4.4, 3.5
75 కిలోలు: 6.7, 5.0, 4.0
85 కిలోలు: 7.6, 5.7, 4.6
95 కిలోలు: 8.5, 6.4, 5.1

బరువు అంటే మీ ఒంటి బరువు. బే నీళ్లు చల్లన కాబట్టి మందపాటి వెట్‌సూటు, హార్నెస్, లైఫ్ జాకెట్ ఎలాగూ ఉంటాయి. తడిశాక అవి ఇంకో రెండు మూడు కిలోలు కలుపుతాయి. వాటికోసం లెక్క మార్చక్కర్లేదు.

ఈ సూత్రానికి హద్దులున్నాయి. బోర్డు నీటిమీద జారుతూ ప్లేనింగ్‌లో పోవాలి, మీకు హార్నెస్ వచ్చి ఉండాలి. 12 నుంచి 28 నాట్స్ మధ్యలో బాగా పనిచేస్తుంది. 8 నాట్స్‌కి వేసి చూడండి, 12.6 వస్తుంది. అంత సెయిల్ ఎవరూ నేర్చుకోవడానికి కట్టరు. ఇంకో సంగతి: కొత్తవాళ్లు పంపింగ్ (సెయిల్‌ని ఊపి బోర్డుకి వేగం అందించడం) చెయ్యలేరు కాబట్టి ప్లేనింగ్ ఎక్కడానికి సగం సైజు (రెండు సెయిల్స్ మధ్య తేడాలో సగం) ఎక్కువ అడుగుతారు, అదే గాలి పెరిగితే సగం సైజు ముందే చేతులెత్తేస్తారు. అనుభవం పెరిగేకొద్దీ ఒకే సెయిల్ రెండువైపులా సాగుతుంది.

గాలి బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందిగా, మరి ఈ లెక్క అలా లేదేం?

నిలబడ్డ వస్తువుకైతే వర్గమే. 15 నుంచి 20 నాట్స్‌కి గాలి వేగం మూడోవంతు పెరిగితే తోపు దాదాపు 1.8 రెట్లవుతుంది. కానీ బలం పెరిగినప్పుడు మీరు ఊరుకోరు. ఒళ్లంతా వెనక్కి వాల్చి హార్నెస్ మీద బరువు వేస్తారు, డౌన్‌హాల్ (సెయిల్‌ని దాని నిలువు కర్ర, అంటే మాస్ట్, వెంట కిందికి లాగే తాడు) బిగిస్తారు. సెయిల్ పైభాగం తనంతట తాను విచ్చుకుని కొంత గాలిని వదిలేస్తుంది. చిన్న సెయిల్ పొట్టిగా ఉండి దాని బలం కిందనే పనిచేస్తుంది కాబట్టి నిలదొక్కుకోవడం తేలిక. ఇవన్నీ కలిసి లెక్క దాదాపు సూటి నిష్పత్తికి వచ్చింది.

ఒక సెయిల్‌కీ ఇంకోదానికీ మధ్య ఎంత తేడా ఉండాలి?

చదరపు మీటర్లలో చూడకండి, శాతంలో చూడండి. 15 నుంచి 20 శాతం మంచిది. 4.0, 4.7, 5.5, 6.5 వరసలో తేడాలు 0.7, 0.8, 1.0, కానీ ప్రతిదీ ముందుదానికంటే 17, 18 శాతమే ఎక్కువ. చిన్న సెయిల్స్ దగ్గర 0.5 తేడా కూడా చేతులకి తెలిసిపోతుంది. 7 దాటాక ఒక మీటరు తేడా లేకపోతే రెండూ ఒకేలా ఉంటాయి.

25 శాతం దాటితే మధ్యలో గుంట పడుతుంది. 4.7, 6.5 రెండే ఉన్నాయనుకోండి, బేలో అతి మామూలైన 18 నాట్స్ రోజున ఒకటి చాలదు, ఇంకోటి ఆగదు.

హుస్సేన్ సాగర్‌లో లేజర్ పడవలు నడిపినవాళ్లకి ఈ పద్ధతి కొత్తేం కాదు. ఒకే పడవకి మూడు సెయిల్స్: 4.7, 5.76, 7.06. ఒక్కొక్కటీ ముందుదానికంటే దాదాపు ఇరవై రెండున్నర శాతం పెద్దది. పడవకి చుక్కాని, కాళ్లు తగిలించుకునే పట్టీ ఉంటాయి కాబట్టి అంత దూరం చెల్లింది. విండ్‌సర్ఫింగ్‌లో సెయిల్ మొత్తం మీ చేతుల్లోనే ఉంటుంది, కాస్త దగ్గరగా ఉండటమే మేలు.

బే ఏరియాలో ఏ చోట ఏ సెయిల్ కడతారు?

ఎండాకాలం సెంట్రల్ వ్యాలీ వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి పసిఫిక్ మీది చల్లగాలి గోల్డెన్ గేట్ గుండా, శాన్ బ్రూనో దగ్గరి కొండల సందు గుండా దూసుకొస్తుంది. అందుకే పడమటి గాలి, అందుకే మధ్యాహ్నం తర్వాతే. కింది సైజులు 75 కిలోలకి.

అలమీడా క్రౌన్ బీచ్: లోతు తక్కువ, గాలి మెత్తన. ప్లేనింగ్ కావాలంటే 6.5 నుంచి 7.5. నేర్చుకునేవాళ్లకి మంచి చోటు.

కొయోట్ పాయింట్: ఒడ్డు దగ్గర గాలి పలచగా ఉండి, బయటికి పోయేకొద్దీ పెరుగుతుంది. ఒడ్డున నిలబడి గాలి చూసి 7.5 కట్టినవాళ్లు మైలు దూరంలో అల్లాడిపోతారు. 5.5 లేదా 6.5 కట్టి, మొదటి రెండు మూడు వందల మీటర్లు ఓపిగ్గా నెట్టుకుపోవాలి.

థర్డ్ అవెన్యూ, ఫాస్టర్ సిటీ: కొయోట్ కంటే ఒక సైజు తక్కువ. 4.7 ఇక్కడ బాగా పనికొస్తుంది. పోటు తగ్గినప్పుడు రాళ్లు, బురద తేలతాయి, బోర్డు అడుగున ఉండే ఫిన్ జాగ్రత్త.

క్రిసీ ఫీల్డ్: గోల్డెన్ గేట్ వంతెన పక్కనే. ఓడల దారి, గట్టి ప్రవాహం, చల్లటి నీళ్లు. ఒడ్డు దగ్గర గాలి తెరిపివ్వడం ఇక్కడ మామూలు. సెయిల్ మరీ చిన్నదైతే ఆ తెరిపిలో ఇరుక్కుని ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతారు. కాబట్టి అనుమానం వస్తే పెద్దది కట్టే చోటు ఇది. 5.5 కీ 4.7 కీ మధ్య ఊగుతుంటే 5.5 కట్టి డౌన్‌హాల్ బిగించండి. ఒంటరిగా నీటి నుంచి లేవడం, అంటే వాటర్‌స్టార్ట్, గట్టిగా రానివాళ్లు ఏ సెయిల్‌తోనూ ఇక్కడ దిగొద్దు.

షెర్మన్ ఐలండ్: శాక్రమెంటో నదిమీద, రియో విస్టా దగ్గర. మంచినీళ్లు, వెచ్చన, గాలి గట్టిది. 4.0 నుంచి 5.0. సాయంత్రం పెరిగి, చాలాసార్లు తెల్లవారుజామున కూడా వీస్తుంది. ఇక్కడ అనుమానం వస్తే చిన్నదే.

ఆటుపోట్లకీ సెయిల్ సైజుకీ సంబంధం ఉందా?

చాలా ఉంది, ఎక్కువమంది పట్టించుకోరు. సెయిల్‌కి తెలిసేది నీటిమీద మీకు తగిలే గాలి. 18 నాట్స్ పడమటి గాలి వీస్తోంది, నీళ్లు 3 నాట్స్‌తో పోటు మీద లోపలికి వస్తున్నాయి అనుకోండి. గాలి, నీరు ఒకే దిక్కు కాబట్టి మీకు తగిలేది 15. అదే ఆటు మీద నీళ్లు సముద్రంలోకి పోతుంటే గాలికి ఎదురు, మీకు తగిలేది 21. 75 కిలోలకి మొదటిదానికి 6.7, రెండోదానికి 4.8. గాలి మీటరు మీద అంకె మాత్రం రెండుసార్లూ 18 అనే ఉంటుంది.

క్రిసీలోనూ షెర్మన్‌లోనూ ఇది రోజూ జరిగేదే. షెర్మన్‌లో ఆటు వేళకే జనం ఎక్కువ రావడానికి కారణం ఇదే: గాలి బలం పెరుగుతుంది, ప్రవాహం మిమ్మల్ని గాలివైపే మోసుకుపోతుంది. కొయోట్‌లో ప్రవాహం అంత ఉండదు, అక్కడ మర్చిపోవచ్చు.

ఫోర్‌కాస్ట్‌లో ఏ అంకె చూసి కట్టాలి?

ముందు కొలమానం చూడండి. అమెరికాలో చాలా యాప్‌లు మొదట మైళ్లలోనే చూపిస్తాయి. 20 మైళ్లు అంటే 17 నాట్సే. అది 20 నాట్స్ అనుకుంటే ఒక సైజు తప్పుతుంది.

తర్వాత సగటు, విసురు (ఉన్నట్టుండి లేచే గాలి) రెండూ చూడండి. సగటు 18, విసురు 21 అయితే నిలకడ గాలి. 18కే లెక్క వేసుకోండి. సగటు 15, విసురు 25 అయితే సగటుకి కట్టినా తప్పే, విసురుకి కట్టినా తప్పే. మేం సగటు నుంచి విసురువైపు మూడోవంతు దూరం వేసుకుంటాం: ఇక్కడ 18. మీటరు ఎక్కడుందో కూడా తెలుసుకోవాలి. ఒడ్డున ఉన్న మీటరుకీ నీటి మధ్య ఉన్నదానికీ కొయోట్‌లో పెద్ద తేడా వస్తుంది.

అన్నిటికంటే నమ్మదగ్గది మాత్రం అప్పుడే నీళ్లలోంచి బయటికొచ్చిన, మీ అంత బరువున్న మనిషి. "ఏం కట్టారు, సరిపోయిందా?" అని అడగండి. సైజొక్కటే అడిగితే చాలదు, వాళ్ల బరువు కూడా చూసుకోవాలి. 95 కిలోల ఆయన 6.2తో హాయిగా ఉన్నాడంటే మీకు 5.0 అని అర్థం.

రెండు 5.5లు ఒకేలా ఎందుకు ఉండవు?

అలల్లో వాడే వేవ్ సెయిల్‌కి బ్యాటెన్లు (సెయిల్‌కి అడ్డంగా ఉండే బద్దలు) తక్కువ, నాలుగో అయిదో. గుడ్డ మందం, బలం చేతికి దగ్గరగా ఉంటుంది, వదిలితే వెంటనే ఖాళీ అవుతుంది. మామూలుగా తిరగడానికి వాడే ఫ్రీరైడ్ సెయిల్‌కి అయిదారు బ్యాటెన్లు, తక్కువ గాలికే తొందరగా లేస్తుంది. క్యామ్‌లు (బ్యాటెన్‌ని మాస్ట్‌కి ఆనించే బిళ్లలు) ఉన్న రేస్ సెయిల్‌కి ఆకారం ముందే బిగుసుకుని ఉండి, అదే 5.5తో ఇంకో నాలుగైదు నాట్స్ ఎక్కువ గాలిని మోస్తుంది. కానీ బరువు, నీళ్లలో పడితే లేపడం కష్టం.

బేలోని ఎగుడుదిగుడు నీళ్లకి, కొత్తగా కొనేవాళ్లకి క్యామ్‌లు లేని ఫ్రీరైడ్, లేదా దానికీ వేవ్‌కీ మధ్యస్థమైన ఫ్రీమూవ్ రకం చాలు. 4.7, అంతకన్నా చిన్నవి వేవ్ రకమే తీసుకోండి; ఆ గాలిలో పడటం ఎక్కువ, గుడ్డ తట్టుకోవాలి. మూడూ ఒకే కంపెనీవి అయితే మాస్ట్ విషయంలో గొడవ తగ్గుతుంది.

మాస్ట్ ఎన్ని కొనాలి?

డబ్బు ఎక్కువ పోయేది ఇక్కడే. సెయిల్స్ పాతవి చవగ్గా దొరుకుతాయి, మంచి మాస్ట్ దొరకదు. కాబట్టి సెయిల్స్ ఎంచుకునేటప్పుడే మాస్ట్‌లు పంచుకునేలా చూసుకోవాలి.

ప్రతి సెయిల్ మీద రెండు అంకెలు అచ్చువేసి ఉంటాయి. లఫ్, అంటే మాస్ట్ వైపు పొడవు. బూమ్, అంటే చేత్తో పట్టుకునే అడ్డ కర్ర పొడవు. లఫ్ 422 అని ఉంటే 400 మాస్ట్, దాని కింద తగిలించే ఎక్స్‌టెన్షన్ 22. మాస్ట్‌లు 370, 400, 430, 460, 490 సెంటీమీటర్లలో వస్తాయి. పొడవుతో పాటు గట్టిదనం కూడా పెరుగుతుంది: 370కి 17, 400కి 19, 430కి 21, 460కి 25, 490కి 29. ఈ అంకెని ఐఎంసీఎస్ అంటారు. 4.7ని 460 మాస్ట్ మీద ఎక్కిస్తే పొడవు ఎలాగోలా సర్దినా, మాస్ట్ వంగదు, సెయిల్ పైభాగం విచ్చుకోదు, చెక్కలా బిగుసుకుపోతుంది.

4.0 నుంచి 5.7 దాకా 400, 430 రెండూ సరిపోతాయి. 4.0ని 400 మీద కట్టాలంటే తలదగ్గర సర్దుబాటు పట్టీ ఉన్న సెయిల్ కావాలి, లేకపోతే మాస్ట్ పైకి పొడుచుకొస్తుంది. 6.5 చాలా మోడళ్లలో 460 అడుగుతుంది, 6.2 దగ్గర 430తో సరిపెట్టే మోడళ్లు దొరుకుతాయి. ఇంకో మాస్ట్ కొనకుండా ఉండటానికి ఆ 0.3 వదులుకోవచ్చు.

మాస్ట్ ఎలా వంగుతుందో కంపెనీకో తీరు: కొందరివి పైన గట్టి, కొందరివి పైన మెత్తన, కొందరివి అంతటా సమానం. పైన గట్టి మాస్ట్‌కి కోసిన సెయిల్‌ని పైన మెత్తనిదానిమీద కడితే ఎంత బిగించినా ముడతలు పోవు. సన్న మాస్ట్, లావు మాస్ట్ కూడా చూసుకోవాలి, 5.7 లోపు సన్నదే. ఎక్స్‌టెన్షన్ దానికి తగ్గ లావుదే ఉండాలి, బూమ్ క్లాంపుకి అడాప్టర్ అడగండి.

సెయిల్ మరీ పెద్దదైందా, సరిగ్గా కట్టలేదా? ఎలా తెలుసుకోవడం?

"5.5 లాగేస్తోంది, 4.7 కొనాలి" అనేవాళ్లలో చాలామందికి కావాల్సింది ఇంకో రెండు సెంటీమీటర్ల డౌన్‌హాల్. కొనేముందు ఇది చూసుకోండి.

మాస్ట్‌కి ఎక్స్‌టెన్షన్ అచ్చువేసిన అంకెకే పెట్టండి. తాడు పుల్లీల్లోంచి ఒకదానిమీద ఒకటి పడకుండా వరసగా పోయిందా చూడండి. మెలికపడితే బలం సగం రాపిడికే పోతుంది. కూర్చుని, కాలు మాస్ట్ అడుగున ఆనించి, హార్నెస్ కొక్కేనికి తాడు చుట్టి ఒంటితో లాగండి. చేతులతో లాగితే చాలదు, వేళ్లు కోసుకుంటాయి. ఇప్పుడు పైభాగం చూడండి. మాస్ట్‌కి ఎదురంచు, అంటే లీచ్, పైనుంచి రెండో బ్యాటెన్ దాకా వదులుగా రెపరెపలాడాలి. ఎంతదాకా వదులవ్వాలో చాలా సెయిల్స్ మీద చుక్కో గీతో ఉంటుంది. ఒడ్డుమీద అది చూస్తే సెయిల్ పాడైందేమో అనిపిస్తుంది. పాడవలేదు, అలాగే ఉండాలి.

తర్వాత బూమ్ బిగించి ఔట్‌హాల్ (సెయిల్‌ని బూమ్ చివరికి లాగే తాడు) లాగండి, ఊరికే ఉన్న స్థితి నుంచి రెండు మూడు సెంటీమీటర్లు. ఇక లక్షణాలు. వెనక చెయ్యి పీకేస్తుంటే డౌన్‌హాల్ తక్కువ, సెయిల్ పొట్ట వెనక్కి జారింది. సెయిల్ బూమ్‌కి గట్టిగా ఆనుకుంటుంటే ఔట్‌హాల్ తక్కువ. గాలి ఉన్నా జీవం లేకుండా పలకలా ఉంటే ఔట్‌హాల్ ఎక్కువ. విసురొచ్చినప్పుడు మాత్రమే లాగి, మధ్యలో ఏమీ లేకపోతే డౌన్‌హాల్ మరీ ఎక్కువైంది.

నీళ్లలో ఉండగా గాలి పెరిగితే ముందు ఔట్‌హాల్ ఒక సెంటీమీటరు, చాలకపోతే ఒడ్డుకొచ్చి డౌన్‌హాల్ ఒకటో రెండో. సరిగ్గా బిగించిన 5.5 ఫ్రీరైడ్ 75 కిలోల మనిషిని 15 నుంచి 23 నాట్స్ దాకా మోస్తుంది. ఇవన్నీ చేశాక కూడా పూర్తిగా వాలినా బోర్డు అదుపులోకి రాకపోతే అప్పుడు సెయిల్ పెద్దదే.

బోర్డు, ఫిన్ మార్చాలా?

ఫ్రీరైడ్ ఫిన్‌కి మోటు లెక్క: సెయిల్ సైజుని 6తో హెచ్చవేస్తే సెంటీమీటర్లు. 6.5కి 39, 5.5కి 33, 4.7కి 28. అయిదు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా నడుస్తుంది. 4.7 కట్టి 42 ఫిన్ ఉంచేస్తే బోర్డు ఒక పక్కకి లేచి తిరగబడాలని చూస్తుంది. చాలామంది ఆ తప్పు సెయిల్ మీద వేస్తారు.

75 కిలోలకి 105 లీటర్ల ఘనపరిమాణం ఉన్న బోర్డు 5.0 నుంచి 6.7 దాకా పనిచేస్తుంది. 4.0, 4.7 ఎక్కువగా కడుతున్నారంటే 85 నుంచి 90 లీటర్లది చూసుకునే వేళైంది.

ఇప్పుడే నేర్చుకుంటున్నాను. నాకేది?

ఇంకా కొనకండి. అద్దెకి తీసుకోండి. 6 నుంచి 12 నాట్స్ గాలి, 180 లీటర్లు దాటిన వెడల్పు బోర్డు, మగవాళ్లకి 4.5 నుంచి 5.0, తేలిక మనుషులకి 3.5 నుంచి 4.0. దశ మారాక ఆ సెయిల్ ఎలాగూ పక్కన పడుతుంది. బర్క్‌లీ మెరీనాలో కాల్ సెయిలింగ్ క్లబ్ సభ్యులకి సామాను వాడుకోనిస్తుంది. కొనాలో లేదో తేల్చుకోవడానికి అంతకన్నా చవకైన దారి లేదు.

గాలి తక్కువ రోజులకి 8.5 కొంటే?

మేం వద్దనే చెప్తాం. 8.5కి 490 మాస్ట్, పొడుగు బూమ్, 130 లీటర్లు దాటిన బోర్డు, 50 దగ్గరి ఫిన్ కావాలి. సెయిల్ ఒకటి కొంటున్నట్టుంటుంది, కొనేది మొత్తం సెట్టు. నీళ్లలో పడితే లేపడానికి నడుము విరుగుతుంది.

తక్కువ గాలికి ఇప్పుడు ఫాయిల్ (బోర్డు కింద నీళ్లలో ఉండే రెక్క) ఉంది. బోర్డు నీటి నుంచి పైకి లేచాక లాగాల్సిన బలం బాగా తగ్గుతుంది. ఫిన్ మీద 7.5 కావాల్సిన గాలికి ఫాయిల్ మీద 5.5 సరిపోతుంది. అంటే మీ దగ్గర ఉన్న మధ్య సెయిలే పనికొస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్ ఐక్యూఫాయిల్ (ఫాయిల్ విండ్‌సర్ఫింగ్) పోటీలో మగవాళ్లకి 9.0, ఆడవాళ్లకి 8.0 సెయిల్ కదా అని అడుగుతారు. వాళ్లకి అయిదారు నాట్స్‌లోనే లేచి రేసు మొదలుపెట్టాలి, 25 దాటినా అదే సెయిల్‌తో నడపాలి. అది వేరే లెక్క.

టాహోలో నా 5.5 ఎందుకు లాగట్లేదు?

లేక్ టాహో సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టం కంటే 17 శాతం దాకా తక్కువ. అదే 18 నాట్స్‌కి తోపు ఆ మేరకు తగ్గుతుంది. సరిగ్గా ఒక సైజు: బేలో 5.5 కట్టే గాలికి అక్కడ 6.5. ఉష్ణోగ్రత ప్రభావం ఇంతకన్నా చిన్నది. 10 డిగ్రీల గాలికీ 30 డిగ్రీల గాలికీ 7 శాతం తేడా. అంతమాత్రానికి సెయిల్ మార్చక్కర్లేదు, డౌన్‌హాల్‌తో సరిపోతుంది.

ఇండియా వెళ్లినప్పుడు సెయిల్ తీసుకెళ్లొచ్చా?

సెయిల్ చుడితే విమానంలో పడుతుంది, మాస్ట్‌తోనే చిక్కు. రెండు ముక్కలు చేసినా 430ది రెండు మీటర్లు దాటుతుంది. గోవాలో చలికాలం మధ్యాహ్నపు గాలి మెత్తన. అక్కడ అద్దెకి దొరికినదానితో సరిపెట్టుకోవడం మేలు. రామేశ్వరం, తూత్తుకుడి తీరంలో గాలి గట్టిగా ఉంటుంది కానీ అక్కడ ఎక్కువగా కైట్లే. విశాఖ రుషికొండ దగ్గర సెయిల్ సైజు కంటే ఒడ్డుమీద విరిగే కెరటం పెద్ద సమస్య. నడుం లోతు నీళ్లలో మాస్ట్ ఇసుకలో గుచ్చుకుని అల మీదపడిందంటే విరిగేది మాస్టే. అలల మధ్య తెరిపి చూసుకుని, సెయిల్ ఎప్పుడూ మీకంటే సముద్రంవైపు ఉండకుండా దిగాలి, ఎక్కాలి.

పాత సెయిల్ కొనేటప్పుడు ఏం చూడాలి?

ఎండలో పరిచి చూడండి. అద్దంలా ఉండే మోనోఫిల్మ్ పసుపు తిరిగి, నొక్కితే కరకరమంటే దాని పని అయిపోయింది. ఒక్క దెబ్బకి పై నుంచి కిందికి చీలుతుంది. బ్యాటెన్ల చివర జేబులు, తలదగ్గర కుట్లు, బూమ్ తగిలే చోట మాస్ట్ తొడుగు, డెక్‌కి రాసుకునే అడుగు అంచు: అరిగేవి ఇవే. చిన్న చీలికకి రెండువైపులా సెయిల్ టేపు వేస్తే చాలు, ధర తగ్గించి అడగండి. బ్యాటెన్ విరిగిందేమో చేత్తో తడిమి చూడండి.

వీలైతే అక్కడే, మీ మాస్ట్ మీదే కట్టి చూపించమనండి. అమ్మేవాళ్ల మాస్ట్ మీద ముడత లేకుండా నిలిచిన సెయిల్ మీదానిమీద అలాగే నిలుస్తుందని లేదు. 2000కి ముందు సెయిల్స్ ఊరికే ఇచ్చినా వద్దు. ఇప్పటి మాస్ట్‌లకి అవి కుదరవు.

పిల్లలకి?

25 కిలోల పిల్లకి 1.5 నుంచి 2.0, 40 కిలోలకి 2.5 నుంచి 3.0, 50 దాటితే 3.5 నుంచి 4.0. పిల్లల రిగ్ (సెయిల్, మాస్ట్, బూమ్) మొత్తంగా కొనండి. పెద్దవాళ్ల బూమ్ పట్టు లావు వాళ్ల వేళ్లకి అందదు, పెద్దవాళ్ల మాస్ట్ వాళ్ల బరువుకి వంగదు. పోటీలకి పంపుదామనుకుంటే టెక్నో 293 అనే పిల్లల పోటీ క్లాసులో 15 ఏళ్ల లోపువాళ్లకి 6.8, 17 లోపువాళ్లకి 7.8 అని ఉంటుంది. ఆ అంకెలు చూసి ముందే పెద్ద సెయిల్ కొనిపెట్టకండి. 3.0ని తానే నీళ్లలోంచి లేపి, తానే కట్టి, తానే విప్పగలిగాక 3.5కి వెళ్లొచ్చు.